రేడియేటర్ వెనక పీడనం: స్పోర్ట్స్ కారు ఇంజన్ చల్లదనం తేలేది అక్కడే

వేసవి మధ్యాహ్నం వీధి తలుపు బార్లా తెరిచినా పెరటి తలుపు మూసి ఉంటే ఇంట్లో గాలి ఆడదు. గుమ్మం దాకా వచ్చిన గాలి, లోపలి గాలికి పోయే దారి లేక పక్కకు తప్పుకుంటుంది. ఇంజన్ వేడెక్కుతోందని బంపర్‌లో పెద్ద కంత కోసేవాళ్లు, ఖరీదైన మందపాటి రేడియేటర్ బిగించేవాళ్లు మరిచిపోయేది ఈ పెరటి తలుపునే. రేడియేటర్ గుండా ఎంత గాలి దూరుతుందో తేల్చేది దాని ముందు పీడనానికీ వెనక పీడనానికీ మధ్య ఉన్న తేడా. ముందు ఎంత ఒత్తినా వెనక కూడా అంతే ఒత్తిడి పేరుకుంటే గాలి కదలదు.

ఈ సంగతి స్పష్టంగా కనిపించే కారు మొదటి తరం మాజ్డా ఎంఎక్స్-5. అమెరికాలో దీన్ని మియాటా అంటారు. 1989లో 1.6 లీటర్ల ఇంజన్‌తో, సుమారు 115 హార్స్‌పవర్‌తో వచ్చిన ఈ చిన్న కారును ప్రపంచమంతటా రేస్ ట్రాకుల మీద ఎక్కువగా తిప్పుతుంటారు. రోడ్డు మీద దీనికి వేడి సమస్య పెద్దగా రాదు. ట్రాక్ మీద ఇరవై నిమిషాలు పూర్తి యాక్సిలరేటర్‌తో నడిపినా, టర్బో తగిలించినా వస్తుంది. ఇంజన్ లోపల నీళ్లు తిరిగే దారిలోనూ దీనికి ఒక బలహీనత ఉంది. నీళ్లు ఇంజన్ ముందువైపే లోపలికి వెళ్లి ముందువైపే బయటికి రావడం వల్ల, చివరన ఉన్న నాలుగో సిలిండర్‌కు చల్లదనం తక్కువ అందుతుంది. అది విడిగా చేయాల్సిన మరమ్మతు. ఇక్కడ చూసేది గాలి సంగతి.

ఎంత గాలి కావాలి?

పూర్తి పవర్ మీద ఇలాంటి ఇంజన్ నుంచి కూలెంట్‌లోకి, అంటే ఇంజన్‌కూ రేడియేటర్‌కూ మధ్య తిరిగే చల్లబరిచే నీళ్లలోకి, సుమారు 50 కిలోవాట్ల వేడి దిగుతుందనుకుందాం. బయట 35 డిగ్రీలు ఉంది, రేడియేటర్ దాటేసరికి గాలి 40 డిగ్రీలు వేడెక్కి 75 దగ్గర బయటపడుతుంది. ఈ లెక్కన సెకనుకు 1.24 కిలోల గాలి, అంటే దాదాపు 1.1 ఘనపు మీటర్లు కావాలి. రేడియేటర్ కోర్, అంటే సన్నని గొట్టాలూ పల్చటి రెక్కలూ ఉన్న భాగం, 60 సెం.మీ. వెడల్పు, 35 సెం.మీ. ఎత్తు ఉంటే దాని వైశాల్యం 2,100 చ.సెం.మీ. అప్పుడు కోర్ గుండా గాలి వేగం సెకనుకు 5 మీటర్ల పైచిలుకు. గంటకు 19 కిలోమీటర్లన్నమాట.

కారు 130 కి.మీ. వేగంతో పోతుంటే రేడియేటర్ లోపల గాలి సైకిల్ వేగంతో నడిస్తే చాలు. అంటే ముందు నుంచి దూసుకొచ్చే గాలిని నెమ్మదింపజేయాలి. నెమ్మదించినప్పుడు దాని వేగం పీడనంగా మారుతుంది, ఆ పీడనమే దాన్ని రెక్కల సందుల్లోంచి తోస్తుంది. అందుకే లోపలికి వచ్చే కంత రేడియేటర్ అంత పెద్దగా ఉండనక్కర్లేదు. 130 కి.మీ. వేగంలో ఆ కంత నోటి దగ్గర గాలి కారు వేగంలో సగంతో దూరుతుందనుకుంటే 610 చ.సెం.మీ. సరిపోతుంది. కోర్ వైశాల్యంలో పావు నుంచి మూడో వంతు అన్న పాత కొలమానం ఇక్కడి నుంచి వచ్చిందే. అంతకన్నా పెద్ద నోరు పెడితే అదనపు గాలి లోపలికి రాకుండా అంచుల మీదుగా పొర్లిపోయి కారును వెనక్కి లాగుతుంది. అమెరికా స్టాక్ కార్ రేసుల్లో, రేసు మొదలయ్యే స్థానాలు తేల్చే క్వాలిఫయింగ్ ల్యాపులకు గ్రిల్ మీద టేప్ అంటించేది ఇందుకే. ఆ ఒకటి రెండు ల్యాపులకు ఇంజన్ వేడిని ఓర్చుకుంటుంది, కారు వేగం పెరుగుతుంది.

ఎండ తీవ్రతను కూడా లెక్కలోకి తీసుకోవాలి. కూలెంట్ 95 డిగ్రీల దగ్గర ఉండగా బయట 20 ఉంటే తేడా 75. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో 42 ఉంటే తేడా 53. అదే రేడియేటర్, అదే గాలి, అయినా వదిలించుకోగల వేడి దాదాపు 30 శాతం పడిపోతుంది. ఐరోపా వాతావరణంలో ఇబ్బంది పెట్టని కారు దక్షిణాది ట్రాక్ మీద ఎందుకు పొంగుతుందో చెప్పడానికి ఈ ఒక్క తీసివేత చాలు.

ముందు సందులు మూయండి

కారు ముక్కుకు తగిలే గాలికి ఉండే గరిష్ఠ పీడనం వేగం వర్గానికి తగ్గట్టు పెరుగుతుంది. గంటకు 50 కి.మీ. దగ్గర అది 12 మి.మీ. నీటి ఎత్తుకు సమానం. 100 దగ్గర 47 మి.మీ., అంటే 460 పాస్కల్స్. 160 దగ్గర 121 మి.మీ., 200 దగ్గర 189. ఇవేమీ పెద్ద పీడనాలు కావు. కూలెంట్ మూతలో ఉండే ఒక బార్ పీడనం ముందు ఇవి ఏ మూలకూ రావు. అంత సన్నని బలం కాబట్టే చిన్న సందు దొరికినా గాలి రెక్కల్లోంచి దూరే కష్టం మానేసి ఆ సందులోంచి జారుకుంటుంది.

రేడియేటర్ చుట్టూ 2 సెం.మీ. సందు ఉందనుకోండి. 60, 35 సెం.మీ. కొలతల కోర్ చుట్టుకొలత 190 సెం.మీ. ఆ సందు మొత్తం 380 చ.సెం.మీ. పైన లెక్కగట్టిన నోటిలో సగానికి మించింది! పైగా దానికి అడ్డు లేదు, రెక్కలకు అడ్డుంది. ఎంఎక్స్-5లో బంపర్ నోటికీ రేడియేటర్‌కూ మధ్య పక్కలా పైనా ఖాళీలుంటాయి. కింద కంపెనీ ఇచ్చిన ప్లాస్టిక్ పళ్లెం ఒకటుంటుంది. పాత కార్లలో ఏ స్పీడ్ బ్రేకర్‌కో తగిలి విరిగిపోయి ఉంటుంది, లేదా ఆయిల్ మార్చిన మెకానిక్ దాన్ని మళ్లీ బిగించి ఉండడు. ఆ పళ్లెం రెండు పనులు చేస్తుంది. నోట్లోకి వచ్చిన గాలి కిందికి జారిపోకుండా ఆపి రేడియేటర్‌కు తోస్తుంది. కారు కింద పోయే గాలి ఇంజన్ గదిలోకి ఎగదన్నకుండా అడ్డుకుంటుంది. అది లేని కారుకు కొత్త రేడియేటర్ కొనడం దండగ. ముందు పళ్లెం తెచ్చి బిగించాలి.

నోటి నుంచి రేడియేటర్ దాకా గాలిని తీసుకెళ్లే గోడల దారి, అంటే డక్ట్, చేయడానికి 1 మి.మీ. అల్యూమినియం రేకు గానీ 2 నుంచి 3 మి.మీ. ఏబీఎస్ ప్లాస్టిక్ షీటు గానీ సరిపోతుంది. ముందు అట్టముక్కలతో నాలుగు గోడల నమూనా కత్తిరించి, కారులో పెట్టి చూసి, ఆ తర్వాతే రేకు కోయాలి. రేకు అంచు రేడియేటర్ ట్యాంకుకు నేరుగా తగలకూడదు. ఇంజన్ కదలికకు రాసుకుని అల్యూమినియం కోర్‌ను కోసేస్తుంది. 10 నుంచి 15 మి.మీ. వదిలి, ఆ ఖాళీని నీరు పీల్చని రకం ఫోమ్ పట్టీతో నింపాలి. మామూలు స్పాంజి ఒక్క వానకు తడిసి ఊడిపోతుంది. పని అయ్యాక చీకట్లో బానెట్ కింద బల్బు వెలిగించి బంపర్ నోట్లోంచి చూడాలి. రెక్కల సందుల్లోంచి తప్ప ఇంకెక్కడి నుంచి వెలుగు కనబడినా అక్కడి నుంచి గాలి కారుతోందని అర్థం.

ఏసీ కండెన్సర్, టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్, ఆయిల్ కూలర్ ఒకదాని వెనక ఒకటి పేర్చిన కార్లలో వాటి మధ్య సందులనూ ఇలాగే మూయాలి. ముందున్న ప్రతి కోర్ గాలిని అడ్డుకుంటుంది, పైగా వేడి చేసి వెనక్కి పంపుతుంది. ఆయిల్ కూలర్‌ను వీలైతే చక్రం ముందు మూలకు జరిపి దానికి విడి దారి ఇవ్వడం మేలు.

బయటికి దారి ఎక్కడ?

ఇంజన్ గదిలోకి వచ్చిన గాలి మామూలు కార్లలో గేర్‌బాక్స్ పక్క నుంచి కారు కిందికి దిగిపోతుంది. కారు కింద అప్పటికే గాలి ఉంటుంది, ఇది దానిమీద పడి ముక్కును పైకి ఎత్తుతుంది. చల్లదనమూ తక్కువే, పట్టూ తక్కువే.

బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడితే చుట్టుపక్కల గాలంతా అటు పరుగెత్తడం ఏటా చూసేదే. బానెట్ మీద కూడా అలాంటి అల్పపీడన ప్రాంతం ఒకటుంది. కారు ముక్కును తాకిన గాలి బానెట్ ముందు అంచు మీదుగా వంగి పైకెక్కేటప్పుడు వేగం పుంజుకుంటుంది. వేగం పెరిగిన చోట పీడనం పడిపోతుంది. కాబట్టి బానెట్ ముందు మూడో వంతు భాగం, అంటే రేడియేటర్ వెనక భాగానికి దాదాపు పైన ఉన్న చోటు, గాలిని బయటికి పీల్చే చోటు. వెనక్కి వచ్చేకొద్దీ ఆ పీల్పు తగ్గుతుంది. విండ్‌షీల్డ్ అడుగుకు వచ్చేసరికి గాలి అద్దానికి కొట్టుకుని ఆగి, మళ్లీ పీడనం పెరుగుతుంది. కారు లోపలికి తాజా గాలి తీసుకునే జాలీని కంపెనీలన్నీ అక్కడే పెట్టడానికి కారణం అదే.

బానెట్ హింజ్‌ల కింద వాషర్లు పెట్టి వెనక అంచును 2, 3 సెం.మీ. లేపే అలవాటు చాలాచోట్ల ఉంది. ఆగి ఉన్న కారులో ఆ సందు నుంచి వేడి గాలి పైకి రావడం చేతికి తగులుతుంది, కాబట్టి పని చేస్తోందనిపిస్తుంది. వేగం అందుకున్నాక అద్దం అడుగున పేరుకున్న పీడనం అదే సందులోంచి ఇంజన్ గదిలోకి చొరబడుతుంది. రేడియేటర్ వెనక పీడనం పెరుగుతుంది, కావాల్సిన తేడా తగ్గుతుంది. వేడి సమస్య వేగంలో వచ్చే కారుకు ఇది అపకారమే.

ఈ సూత్రాన్ని విమానాల వాళ్లు ఎప్పుడో పట్టుకున్నారు. బ్రిటన్‌లోని ఫార్న్‌బరోలో ఎఫ్.డబ్ల్యు. మెరెడిత్ 1935లోనే, డక్ట్‌లో పెట్టిన రేడియేటర్ నుంచి వేడెక్కి వెలువడే గాలి, రేడియేటర్ వల్ల కలిగే అడ్డులో కొంత తిరిగి రాబట్టగలదని చూపించాడు. రెండో ప్రపంచ యుద్ధపు పీ-51 మస్టాంగ్ పొట్ట కింద రేడియేటర్‌కు గాలి ఎంత పోవాలో నియంత్రించింది వెనక ఉన్న తలుపే, ముందు నోరు కదలదు. కార్లలో 1960ల ఫోర్డ్ జీటీ40 తన రేడియేటర్ గాలిని ముక్కు మీద నుంచి పైకి వదిలింది. 2022లో వచ్చిన పోర్షే 911 జీటీ3 ఆర్ఎస్ మూడు రేడియేటర్లకు బదులు ముక్కులో ఒకే పెద్ద రేడియేటర్ పెట్టుకుని, వేడి గాలిని ముందు మూత మీది రెండు పెద్ద కంతల నుంచి బయటికి పంపుతుంది. ఆ వేడి గాలి వెనక ఉన్న ఇంజన్ పీల్చుకోకుండా పైకప్పు మీద చిన్న రెక్కలు పెట్టి పక్కలకు మళ్లించారు. వేడి గాలిని ఎక్కడ వదులుతున్నామన్నది ఎంత ముఖ్యమో, వదిలాక అది ఎటు పోతుందో అంతే ముఖ్యమని ఆ చిన్న రెక్కలు చెబుతున్నాయి.

కోసే ముందు కొలవండి

బానెట్ కోసింది మళ్లీ అతుక్కోదు. ముందు ఒక సాయంత్రం కొలతకు కేటాయించాలి. కావాల్సినవి 4 లేదా 5 మి.మీ. లోపలి వ్యాసం ఉన్న పారదర్శక ప్లాస్టిక్ గొట్టం 6 మీటర్లు, ఒక చెక్క, స్కేలు, రంగు కలిపిన నీళ్లు. గొట్టాన్ని చెక్క మీద యూ ఆకారంలో వంచి బిగించి సగం వరకు నీళ్లు పోస్తే పీడన మాపకం తయారు. రెండు కొసల్లో ఎటు పీడనం ఎక్కువైతే అటు నీటిమట్టం దిగుతుంది, రెండు మట్టాల మధ్య తేడాను మిల్లీమీటర్లలో చదవాలి. కాస్త ఖర్చు పెట్టగలిగితే 500 పాస్కల్స్ వరకు కొలిచే డిఫరెన్షియల్ ప్రెషర్ సెన్సర్ ఇంకా సులువు.

గొట్టం కొసను గాలికి ఎదురుగా పెడితే గాలి వేగమూ కొలతలో కలిసిపోతుంది. అందుకని ఒక గుండ్రని పల్చటి బిళ్ల మధ్యలో 1.5 మి.మీ. రంధ్రం చేసి, గొట్టాన్ని ఆ రంధ్రానికి పక్క నుంచి అంటించి, బిళ్లను బానెట్ మీద టేప్‌తో అతికించాలి. రెండో కొసను బానెట్ కింద, సరిగ్గా ఆ చోటుకు దిగువన, ఫ్యాన్ గాలి నేరుగా తగలని చోట పెట్టాలి. కారులోపలి గాలిని ఆధారంగా తీసుకోకూడదు. వేగంతో, కిటికీలతో, బ్లోయర్‌తో దాని పీడనం మారిపోతుంది. గాలి లేని తెల్లవారుజామున ఖాళీ రోడ్డు మీద గంటకు 60, 80, 100 కి.మీ. నిలకడ వేగాల్లో, రెండు దిక్కులా నడిపి సగటు తీయాలి. చదివేది పక్క సీట్లో మనిషి, నడిపేవారు రోడ్డు మీద నుంచి చూపు తిప్పకూడదు.

బానెట్ మీద 10 సెం.మీ. గళ్లు గీసుకుని ఒక్కో గడి దగ్గర ఇలా కొలిస్తే ఎక్కడ లోపలి పీడనం బయటి కంటే ఎక్కువో పటం వస్తుంది. ఆ తేడా అన్నిటికన్నా ఎక్కువున్న గడులే కంత పెట్టాల్సిన చోటు. ఒక గొట్టం రేడియేటర్ ముందు, ఒకటి వెనక పెట్టి అసలు తేడా కూడా రాసుకోవాలి. ఉదాహరణకు 100 కి.మీ. దగ్గర ముందు 30 మి.మీ., వెనక 18 ఉంటే తేడా 12. కంత పెట్టాక వెనక 6కు దిగితే తేడా 24. పీడన తేడా రెట్టింపైనంత మాత్రాన గాలి రెట్టింపు కాదు, ఒకటిన్నర రెట్ల లోపే పెరుగుతుంది. వేడి బదిలీ అంతకంటే కొంచెం తక్కువ పెరుగుతుంది. అయినా బంపర్ కోసి ఇంత లాభం తేవడం కష్టం.

కంత వైశాల్యం దగ్గర చాలామంది పొరబడతారు. 35 డిగ్రీల గాలి 75కు చేరేసరికి 13 శాతం ఉబ్బుతుంది, కాబట్టి బయటి దారి లోపలి దారికంటే కాస్త పెద్దగా ఉండాలి. నోరు 610 చ.సెం.మీ. అయితే బయటికి 750 నుంచి 900 కావాలి. గేర్‌బాక్స్ పక్క నుంచి పోయేది పోను కొంత తగ్గించుకోవచ్చు. అయితే బజారులో దొరికే లూవర్ పలక, అంటే వరుస చీలికలున్న పలక, 30 సెం.మీ. చదరం ఉన్నంత మాత్రాన అది 900 చ.సెం.మీ. దారి ఇవ్వదు. ఒక్కో చీలిక 20 సెం.మీ. పొడవు, 1.2 సెం.మీ. ఎత్తు ఉంటే అది 24 చ.సెం.మీ. పది చీలికలకు 240. ఇక దాని కింద సన్నని జాలీ బిగిస్తే అది కూడా పూర్తిగా దక్కదు.

చీలికలు వెనక్కి తెరుచుకోవాలి. కంత ముందు అంచున 10 నుంచి 20 మి.మీ. ఎత్తున చిన్న గోడలా రేకు నిలబెడితే దాని వెనక పీడనం మరింత పడి పీల్పు పెరుగుతుంది. వెనక అంచు కిందికి గుండ్రంగా వంగి ఉండాలి. పదునుగా వదిలేస్తే గాలి అక్కడ సుడి తిరుగుతుంది. ఎంఎక్స్-5 బానెట్ అల్యూమినియం కాబట్టి జిగ్సాతో సులువుగా తెగుతుంది, అందుకే జాగ్రత్త ఎక్కువ కావాలి. అడుగున ఉన్న పక్కటెముకల్లాంటి పట్టీలను, లాక్ బిగించిన చోటును కోయకూడదు. కోసిన తర్వాత వేగంలో బానెట్ వణికితే అదనపు పిన్నులు తప్పవు. కంత కింద ఇగ్నిషన్ కాయిల్, ఆల్టర్నేటర్ ఉంటే వాన నీళ్లు పక్కకు జారేలా రేకు దోనె కట్టాలి. ఇంజన్ పీల్చే గాలి పైపు నోరు రేడియేటర్ వెనక ఉంటే, దాన్ని రేడియేటర్ ముందుకు మార్చడానికి ఇదే అదను.

ఫ్యాన్ సంగతి

కారు ఎలక్ట్రిక్ ఫ్యాన్ పుట్టించే పీడనం 100, 200 పాస్కల్స్ స్థాయిలో ఉంటుంది. 100 కి.మీ. దగ్గర గాలే 460 ఇస్తోంది. అంచేత ట్రాఫిక్‌లో ఫ్యాన్ ప్రాణం, వేగంలో అది అడ్డు. ఫ్యాన్ చుట్టూ రేడియేటర్ వెనక భాగాన్ని కప్పే తొడుగును, అంటే ష్రౌడ్‌ను, తీసేస్తే వేగంలో గాలి బాగా పోతుంది గానీ, ఆగినప్పుడు ఫ్యాన్ తన రెక్కల వెనక గుండ్రటి భాగాన్ని మాత్రమే చల్లబరుస్తుంది, మూలలు వేడిగానే మిగులుతాయి. ష్రౌడ్ ఉంచి దాని వెనక గోడకు రబ్బరు రెప్పలున్న కిటికీలు పెట్టడం మేలైన దారి. వేగంలో గాలి వాటిని తోసుకుని పోతుంది, ఆగినప్పుడు ఫ్యాన్ పీల్పుకు అవే మూసుకుంటాయి. వైరు తిరగేసి కలపడం వల్ల ఫ్యాన్ ముందుకు ఊదుతున్న కార్లు తరచూ కనిపిస్తాయి. గ్రిల్ ముందు పల్చటి కాగితం పట్టుకుంటే అది లోపలికి అంటుకోవాలి.

ఫ్యాన్ పీల్పు ఎంత దూరం పోగలదో చూపిన సంఘటన 1978 స్వీడన్ గ్రాండ్ ప్రీ ఫార్ములా వన్ రేసు. బ్రాబమ్ జట్టు తన బీటీ46బీ కారు వెనక పెద్ద ఫ్యాన్ పెట్టి, ఇంజన్ మీద అడ్డంగా పరిచిన రేడియేటర్‌ను చల్లబరచడానికే అని చెప్పింది. అది కారు కింద గాలిని కూడా లాగేసి కారును రోడ్డుకు అతికించింది. నికీ లాడా గెలిచాడు, ఆ కారు మళ్లీ రేసులో దిగలేదు. అదే బీటీ46ను మొదట మామూలు రేడియేటర్లు లేకుండా, శరీరం మీద పరిచిన పలకలతో చల్లబరచాలని ప్రయత్నించి చాలక వదిలేశారు. గాలిని కోర్ గుండా తోయకుండా పైపైన తాకనిస్తే సరిపోదని అది తేల్చింది.

గాలి తక్కువా, నీళ్లు తక్కువా?

కోతలకు దిగే ముందు రేడియేటర్ పై గొట్టానికీ కింది గొట్టానికీ ఒక్కో సెన్సర్ కట్టి చూడాలి. ఇంజన్ వేడిగా ఉండి, రెండింటి మధ్య తేడా 3, 4 డిగ్రీలే ఉంటే నీళ్లు బాగానే తిరుగుతున్నాయి, వేడిని తీసుకుపోయే గాలే లేదు. తేడా 15 దాటితే నీళ్ల ప్రవాహాన్ని అనుమానించాలి. పంపు, థర్మోస్టాట్, లోపల పూడిన గొట్టాలు చూడాలి. కోర్ వెనక గాలి ఉష్ణోగ్రత మరో సాక్షి. అది కూలెంట్ వేడికి దగ్గరగా ఉంటే ఉన్న కొద్ది గాలి మోయగలిగినంతా మోసేస్తోంది, ఇంకా గాలి కావాలి. ఇలాంటి స్థితిలో మందపాటి కోర్ పెడితే అది గాలికి మరింత అడ్డమై పరిస్థితి ముదురుతుంది. డాష్‌బోర్డ్ ఉష్ణోగ్రత ముల్లును నమ్మకూడదు. చాలా కార్లలో అది మధ్యలో విస్తారమైన పరిధిలో కదలకుండా ఉండేలా తయారవుతుంది, కదిలేసరికి ఆలస్యమైపోతుంది.

కూలెంట్ మూత బలహీనమైతే ఈ గాలి పనులన్నీ వృథా. మామూలు నీరు వాతావరణ పీడనంలో 100 డిగ్రీల దగ్గర మరిగితే, ఒక బార్ మూత కింద 120 దగ్గర మరుగుతుంది. సగం గ్లైకాల్ కలిపితే ఇంకా పైకి పోతుంది. రబ్బరు ఎండిన మూతను మార్చడం అన్నిటికన్నా చౌకైన మరమ్మతు. వేడి మీద మాత్రం మూత తిప్పకూడదు.

పని పూర్తయ్యాక మొదట రాసుకున్న అంకెల పక్కనే, అదే రోడ్డు మీద, అదే వేగాల్లో, దాదాపు అదే ఎండలో మళ్లీ కొలిచి రాయాలి. ఆ తర్వాత ఏటా ఒకసారి ఫోమ్ పట్టీలు ఊడాయేమో చూసి, కండెన్సర్‌కూ రేడియేటర్‌కూ మధ్య ఇరుక్కున్న పురుగులు, ఎండుటాకులు తీసేసి, ఇంజన్ వైపు నుంచి ముందుకు తక్కువ ఒత్తిడి నీళ్లతో కడగాలి. ప్రెషర్ వాషర్ దగ్గరగా పెడితే పల్చటి రెక్కలు వాలిపోయి సందులు మూసుకుపోతాయి. వాలినవాటిని ఫిన్ దువ్వెనతో ఒక్కో వరుసగా నిలబెట్టుకోవాల్సి వస్తుంది.